ఉమ్మడి బట్టీ

యుద్ధంలో చక్రవర్తి గెలిచాడు. కొత్త సరిహద్దు కార్నియా కొండల్లోని మా ఊరిని రెండు ముక్కలు చేసింది. రోజూ చక్రవర్తి అధికారి కెస్లర్ సరిహద్దు గుంజలు పాతించేవాడు. తెల్లారేసరికి అవి మాయమయ్యేవి.

శనివారం ఆయన ఊరి ఉమ్మడి బట్టీకి వచ్చాడు. అందరి రొట్టెలూ కాల్చేది మా ఒర్సోలా అత్తే.

"గుంజల దొంగకు ఉరే, ముసలమ్మా!"

"ముందు తిను నాయనా, చిక్కిపోయావు."

వేడి రొట్టె ఆవురావురుమని తిని, జేబులో చెయ్యి పెట్టాడు. "ఎంతివ్వాలి?"

"డబ్బొద్దు. ఎవరి రొట్టెకు వాళ్లే కట్టెలు తేవాలి. అదే మా ఆనవాయితీ."

"నేనేం తేలేదే?"

"తేకపోవడమేం?" అత్త బట్టీ తలుపు తెరిచింది. లోపల గుంజల మీద చక్రవర్తి గద్ద ముద్ర ఎర్రగా కాలుతోంది. "పదకొండు తెచ్చావు. రేపు మాత్రం ఎండినవి పాతించు. పొగకి చస్తున్నాం."