నాలుగు సీసాలు

పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగంటి మాడిపోయింది.

పక్క గదిలోంచి భర్త పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేశాడు. అంతసేపూ ఆమె ఆ పక్కనే అటు తిరిగి ఉల్లిపాయలు తరుగుతోంది.

"వాసన రాలేదా?" అన్నాడతను.

రాలేదు. జ్వరం తగ్గి పది రోజులైనా ఏ వాసనా రావడం లేదు.

ఇంకొకరికైతే గిన్నె తోముకోవడంతో సరిపోయేది. ఆమెకు మాత్రం అదే బతుకుతెరువు. సబ్బుల ఫ్యాక్టరీలో ఆమె ఉద్యోగమే వాసన చూడటం. ఆమె సరేనంటేనే సరుకు గేటు దాటుతుంది. అందుకే అక్కడ అందరూ ఆమెను 'ముక్కు' అంటారు.

ఇప్పుడు ఆ ముక్కు మొహానికి అలంకారంగా మిగిలింది.

మేనేజరు మంచివాడే. మూడు నెలలు చూస్తానన్నాడు. ఆ తర్వాత ఇరవై సబ్బు బిళ్లలతో పరీక్ష. తప్పితే కుర్చీ ఇంకొకరికి ఇచ్చి, ఆమెను ప్యాకింగుకు పంపిస్తాడు. అప్పటిదాకా సెంటు స్టోరులో సాయం చేయమన్నాడు.

సెంటు స్టోరంటే అందరికీ హడలే. పది నిమిషాలుంటే తల పగిలిపోతుంది. అక్కడ ఒక పెద్దాయన ఇరవై ఏళ్లుగా సెంటు నూనెలు చుక్క చుక్క తూచి ఇస్తున్నాడు. ముక్కుకు గుడ్డయినా కట్టుకోడు. అలవాటైపోయిందంటాడు. ఆయనకు 'త్రాసు' అని పేరు పెట్టారు. తూకం తప్ప ఆయనకేం తెలుసని క్యాంటీన్లో నవ్వుకునేవారు. ఆమె కూడా ఎన్నోసార్లు నవ్వింది.

మూడో రోజున ఆయన ఆమె ముందు నాలుగు ముదురు రంగు సీసాలు పెట్టాడు. నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి అని చీటీలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పేరు తలచుకుంటూ పీల్చమన్నాడు.

"రాని వాసన పీలిస్తే ఏం లాభం బాబాయ్?"

"వాసన తెలిసేది ముక్కులో కాదమ్మా, తలలో. ముక్కు ఉత్త గుమ్మం. అక్కణ్ణుంచి లోపలికి సన్నటి దారాలుంటాయి. నీ జ్వరానికి అవి తెగినట్టున్నాయి. మళ్లీ మొలుస్తాయి. కానీ ఏ దారం ఎటు పోవాలో దానికి తెలియదు. నువ్వు రోజూ పేరు పెట్టి పిలువు, వెతుక్కుంటూ వస్తుంది."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. కన్ను చూసిందీ, చెవి విన్నదీ మెదడులో ముందు ఒక గుమాస్తా దగ్గర ఆగి, అతను పంపితేనే లోపలికి వెళతాయట. వాసనకు ఆ అడ్డు లేదట. అది నేరుగా జ్ఞాపకాల గదిలోకి వెళ్లిపోతుందట. ఇదంతా ఒక డాక్టరు చెప్పాడన్నాడు. ఈయనకు ఆ డాక్టరుతో ఏం పని పడిందో ఆమె అడగలేదు.

ఇన్నేళ్లు ముక్కుతో అన్నం తిన్న మనిషి, తన తలలో ఇంత పెద్ద ఇల్లు ఉందని ఆరోజే విన్నది. అమ్మ చీరల పెట్టె, బడిలో కొత్త పుస్తకం, పుట్టిన మర్నాటి కొడుకు నెత్తి... అన్నీ లోపలే ఉన్నాయన్నమాట. గుమ్మమే మూసుకుంది.

నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. సీసాల్లో మంచినీళ్లున్నట్టే ఉంది.

"ఏమైనా తెలిసిందా?" అని ఆయన రోజూ అడిగేవాడు. తన ముక్కు మీద ఈయనకెందుకింత ఆత్రమో అని ఆమె విసుక్కునేది.

మూడో నెలలో ఆయన సీసాల్లో కొత్త నూనె నింపి, కొత్త చీటీలు అంటించి ఇచ్చాడు.

ఆమె గులాబీ అని రాసి ఉన్నది అందుకుని, కళ్లు మూసుకుని పీల్చింది.

ఏడేళ్ల పిల్లయిపోయింది. దవడ పన్ను సలుపుతోంది. నాయనమ్మ దాని మీద లవంగం పెట్టి వేలితో అదిమి పట్టుకుంది. ఆ వేలి గరుకు కూడా నాలుకకు తగిలింది. నాయనమ్మ పోయి పాతికేళ్లయింది. ఆ వేలు ఇంతకాలం ఎక్కడ దాక్కుందో తెలియక ఆమెకు ఒళ్లు జలదరించింది, ఏడుపొచ్చింది.

కళ్లు తెరిస్తే చీటీ మీద గులాబీ.

ప్రాణం ఉసూరుమంది. "గులాబీ పీలిస్తే లవంగం వస్తోంది బాబాయ్. నా తల నాకే అబద్ధం చెబుతోంది."

ఆయన చేతిలో పని ఆగిపోయింది. గులాబీ, లవంగం సీసాలు రెండూ తీసుకుని, కాగితం మీద చెరో చుక్క వేసి, వెలుతురులో రంగు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"నీ తల నిజమే చెప్పిందమ్మా. చీటీలే తారుమారయ్యాయి."

"నాకే పరీక్ష పెట్టారా?" అని ఆమె నవ్వేసింది. ఆయనా నవ్వాడు. ఎంత గడుసువాడో అనుకుందామె.

అసలు పరీక్షలో ఇరవైకి పందొమ్మిది చెప్పింది. కుర్చీ దక్కింది.

ఆయనకు చెప్పాలని స్టోరుకు వెళితే గుమ్మంలోనే తల తిరిగిపోయింది. ఇప్పుడు ముక్కు పనిచేస్తోంది మరి. రేపు చూద్దామనుకుంది. అలా మూడు వారాల రేపులు గడిచాయి.

ఒక సోమవారం ఆయన పనిలోకి రాలేదు. నిద్రలోనే పోయాడని కబురొచ్చింది.

స్టోరులో ఆయన బీరువా ఖాళీ చేయడానికి ఆమే వెళ్లింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు తీసింది. లోపల నాలుగు సీసాలు, పసుపెక్కిన చీటీలు. నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి. పక్కన దొంతరగా నోటు పుస్తకాలు.

అడుగున ఉన్న పుస్తకంలో మొదటి పేజీ ఇరవై ఏళ్ల నాటిది. "జ్వరం తగ్గింది. నా కుర్చీ ఇంకొకరికి ఇచ్చారు. రేపట్నుంచి స్టోరు."

ఆ తర్వాత ప్రతిరోజూ ఒక తేదీ, ఎదురుగా ఒకే మాట. లేదు. లేదు. లేదు.

ఆమె చివరి పుస్తకంలో, తనకు నాయనమ్మ వేలు తగిలిన రోజు వెతికింది. ఆ తేదీ ఎదురుగానూ 'లేదు' అనే ఉంది.

దాని కింద గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "చీటీలు తప్పు అంటించానని ఆ అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియలేదు."