అజ్ఞానానికి ముఖం

వెనిస్‌లోని ఆ అచ్చుశాల గుమ్మం తగిలి ఒక ముసలమ్మ పడబోయింది.

చెక్క మీద బొమ్మలు చెక్కే జనెట్టో చప్పున చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదల్లేదు.

ఆమె కళ్ళకు గుడ్డ కట్టి ఉంది.

పాత రోమ్ కట్టడాల గురించి పెద్ద పుస్తకం అచ్చవుతోంది. దాని మొదటి పుట బొమ్మ జనెట్టోది. అది మెప్పు పొందితే తనూ ఒక మేస్త్రీ. లేకపోతే బతుకంతా ఇంకొకరి గీతలు చెక్కే కూలివాడే.

ఆ బొమ్మలో కట్టడాల కళకు గుర్తుగా వృత్తలేఖిని పట్టుకున్న వాస్తుదేవి తయారైంది. ఆమె కాళ్ళ కింద పడి ఉండాల్సిన అజ్ఞానానికే ముఖం కుదరడం లేదు.

బొమ్మల లోకంలో అన్నిటికీ గుర్తులుంటాయి. చేతిలో అద్దం ఉంటే వివేకం, పక్కన కుక్క ఉంటే విశ్వాసం, గాడిద చెవులూ కళ్ళకు గంతలూ ఉంటే అజ్ఞానం. జనెట్టోకు మనుషులు కూడా అలాగే కనిపించేవారు.

"ఎవరు కావాలి అవ్వా?"

"పుస్తకం చూసిపోదామని, నాయనా."

అచ్చు వేస్తున్న బోర్తొలో కిసుక్కున నవ్వాడు. "చూడ్డానికొచ్చిందటరోయ్!"

"ఒక్క కాగితం తాకనిస్తే చాలు."

"సిరా ఆరలేదు, పాడైపోద్ది," అన్నాడు జనెట్టో. "ఇలా కూర్చో. నీ ముఖం పుస్తకంలో వేస్తా."

"నా ముఖమా?" ఆమె అతని గొంతువైపు తిరిగింది. "వాడు చెప్పాడా మీకు?"

"కదలకు!"

ఆమె కదల్లేదు. జుట్టు మాత్రం సర్దుకుంది.

"బాగా వస్తోందా, నాయనా?"

"ఓ, బ్రహ్మాండంగా!"

బోర్తొలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

వెళ్ళేముందు ముసలమ్మ తడుముకుంటూ వచ్చి జనెట్టో తల నిమిరింది. అతనికి లోపల చివుక్కుమంది. అయినా గాడిద చెవులు తగిలించక మానలేదు.

ప్రతులన్నీ అచ్చయ్యాక, గ్రంథకర్త జిరార్దో తన ఊరు పాదువా నుంచి వచ్చాడు. నల్లబట్టల్లో ఉన్నాడు.

జనెట్టో మొదటి పుట పట్టుకుని ఆశగా ఎదురెళ్ళాడు.

జిరార్దో దానివైపు చూడనేలేదు.

"మా అక్క నాకంటే ముందొచ్చింది. జ్వరమొచ్చి సత్రంలోనే పోయింది."

"అయ్యో! మేం ఎరుగుదుమా అండీ ఆవిణ్ణి?"

"కళ్ళకు గుడ్డ కట్టుకుని ఉంటుంది. ఈ పుస్తకంలోని కట్టడాల బొమ్మలన్నీ చూపు పోయేదాకా కూర్చుని గీసింది ఆవిడే. నేను రాతలు రాశానంతే."

జనెట్టో కాగితాన్ని వెనక్కి దాచుకున్నాడు.

"నీ చెయ్యి చల్లగా ఉండాలయ్యా," అన్నాడు జిరార్దో కళ్ళు తుడుచుకుంటూ. "పుస్తకంలో తన ముఖం వేస్తున్నారని నాకు ఉత్తరం రాయించింది, మురిసిపోతూ పోయింది. ఏదీ, ఒకసారి చూపించు."