ఏ పార్టీ?

పొద్దున్నే బస్సు దిగిన కొత్త మనిషి ఆ ఊళ్ళో ఎవరూ చేయని పని చేశాడు.

రోడ్డుకు అవతలున్న హోటల్లో టీ తాగి, ఇవతలి గురమ్మ హోటల్‌కొచ్చి ఇంకో టీ అడిగాడు.

గురమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

డోన్ దాటినాక వచ్చే ఆ ఫ్యాక్షన్ ఊళ్ళో మనుషులకే కాదు, హోటళ్ళకు, ఆటోలకు, కిరాణా అంగళ్ళకు కూడా పార్టీలున్నాయి. అవతల తాగినవాడు ఇవతల తాగడు. తాగితే వాడు ఏదో కనిపెట్టడానికి వచ్చినట్టే లెక్క.

బెంచీ మీదున్న బసవన్న ఒక మూలకు జరిగాడు.

అతనొక హత్య కేసులో ముద్దాయి. హత్య జరిగిన పొద్దు అతను తన చేలో శనక్కాయలు పీకుతున్నాడు. అయినా ఫిర్యాదులో పేరెక్కింది. నాయన ఏ పార్టీయో కొడుకూ అదే పార్టీ కదా, అది చాలింది. రేపే సాక్ష్యాలకు ఆఖరి వాయిదా. అందాకా ఊరు దాటొద్దని, ఫోన్ ఆపేసుకోమని పార్టీ పెద్ద హుకుం వేశాడు.

"యా ఊరప్పా నీది?" అడిగింది గురమ్మ.

"కడపమ్మా. బసవన్న ఇల్లు యాడుండాది?"

"బసవన్నతో నీకేం పని?" బసవన్నే అడిగాడు.

"ఆయనతోనే చెప్పాలన్నా."

"ఏ పార్టీ నువ్వు?"

అతను నవ్వాడు.

"నా స్నేహితులకు పార్టీ అంటే బిర్యానీ. మా బామ్మర్ది ప్లాట్లమ్ముతాడు, వానికి కొనేటోడే పార్టీ. బాగా డబ్బున్నోణ్ణి చూస్తే మా వీధిలో మంచి పార్టీ అంటారు. నువ్వడిగేది ఏ పార్టీ అన్నా?"

"ఎగతాళి చేస్తాండావా? అవతల టీ తాగితివి కదా!"

"బస్సు ఆ పక్క ఆగింది, ఆ పక్క తాగినా. నాకు ఏ పార్టీ లేదు."

పార్టీ లేని మనిషి! బసవన్నకు నమ్మబుద్ధి కాలేదు. పార్టీ అన్న మాటకు లోకంలో ఎన్ని అర్థాలున్నా అతనికి తెలిసింది ఒక్కటే. అందులోనే పుట్టాడు. బయటికి దారి దొరక్క అందులోనే ముసలివాడవుతున్నాడు.

కొత్త మనిషి అతని మొహంలోకి తేరిపార చూశాడు.

"నీ పేరేందన్నా?"

"ఓబుళేశు." నోటికొచ్చిన పేరు చెప్పేశాడు బసవన్న. "బసవన్న ఊళ్ళో లేడు. హైదరాబాదు పోయినాడు."

"అయ్యో! సాయంత్రం నాకు విమానం ఉండాది. కువైట్ పోవాల. ఆయన్ను ఒక్కసారి కళ్ళతో చూస్తే చాలన్నా."

"ఫొటో చూపిస్తాలే."

"ఫొటో పనికిరాదు. మనిషినే చూడాల."

బసవన్న చప్పున లేచాడు. నరికేవాళ్ళ కంటే ముందు, మనిషిని గుర్తుపెట్టుకోవడానికి ఒకడొస్తాడని చిన్నప్పటి నుంచీ విన్నదే. వీడు వాడే!

భుజం పట్టుకుని, తోసుకుంటూ పోయి, తిరుగు బస్సు ఎక్కించాడు.

అతను ఎదురు తిరగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "నేనొచ్చిపోయినానని బసవన్నకు చెప్పన్నా. మర్చిపోవద్దు," అన్నాడు.

బస్సు కనుమరుగయ్యాక బసవన్న తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"గండం గడిచింది గురక్కా. టీ పొయ్యి."

దీపాలు పెట్టే వేళకు అతని వకీలు హెన్రీ కారేసుకుని గురమ్మ హోటల్‌కే వచ్చాడు.

"ఏమప్పా, నా కేసుల్లోని పార్టీలందరి ఫోన్లూ మోగుతాయి, నీదొక్కటే మోగదు! పొద్దున్నుంచి చేస్తాండా."

"ఆపేయమన్నారు సార్."

"కడపాయన వచ్చినాడంట, నువ్వు కనపడలేదంట?"



"వచ్చినాడు సార్... నేను ఊళ్ళో లేనని చెప్పి పంపించినా. ఎవరాయన?"

హెన్రీ బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆ పొద్దు నరికినోళ్ళ మొహాలు దగ్గర్నుంచి చూసిన లారీ డ్రైవరప్పా ఆయన, వాళ్ళల్లో నువ్వు లేవని కళ్ళారా చూసుకుంటే ప్రయాణం ఆపుకొని రేపు కోర్టులో చెప్తానన్నాడు, చూడని మనిషి కోసం ప్రమాణం చెయ్యలేనని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పి విమానమెక్కినాడు."