హాట్‌స్పాట్‌లో పేరు

"ఆ హాట్‌స్పాట్ కట్టెయ్యవే సేలా! నీ ఫోన్‌లో ఛార్జింగ్ లేదు, ఊరంతా నీ నెట్టే తాగుతోంది," అంది అత్త తుపో, కంద ఉడకేస్తూ.

"మీ అబ్బాయి పడవ రేవుకు రాగానే ఆయన ఫోన్ దీనికే తగులుకుంటుంది అత్తయ్యా. తెర మీద ఆయన పేరు చూసే కదా నేను కంచం పెట్టేది."

తుపో నవ్వలేదు. ఆ రోజు ఆదివారం; దేవుడి రోజని టోంగా దీవుల్లో ఎవరూ చేపల వేటలో ఉండరు. కొడుకు పౌలియాసి నిన్ననే రావలసినవాడు. రాత్రంతా గాలి ఇంటికప్పు లాగింది.

ఇంతలో సేలా ఫోన్ తెర మీద 'పౌలియాసి' అని పేరు పడింది.

"వచ్చేశారు!" సేలా కంచం కడిగింది.

కంద ఉడికింది, చల్లారింది. చర్చి గంట మోగింది. పేరు అలాగే ఉంది, మనిషి రాలేదు.

"దేవుడికి భయపడి దాక్కున్నాడేమో వెధవ," అంటూ తుపో ఇంటి వెనకే ఉన్న రేవుకు నడిచింది. సేలా వెంట పరుగెత్తింది.

పౌలియాసి పడవ అలలకు ఒడ్డుకు కొట్టుకుంటోంది. అందులో ఎవరూ లేరు. తడవకుండా అతను ఎప్పుడూ మూతపెట్టి ఉంచే డబ్బాలో ఫోన్ భద్రంగా ఉంది.

సేలా చేతిలో ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చిందని కూసింది. "హాట్‌స్పాట్ ఆపేస్తా అత్తయ్యా, ఉన్న ఛార్జింగ్‌తో పడవలవాళ్ళకు ఫోన్ చెయ్యాలి..."

తుపో ఆమె చెయ్యి పట్టుకుంది.

"వాళ్ళంతా చర్చిలోనే ఉంటారు, నేను పోతా. ఆదివారమైనా సరే, పడవలు దింపిస్తా. నువ్వు మాత్రం ఆ పేరు పోనివ్వకే తల్లీ."