మెడ మీద చెయ్యి

"ఈ పిల్ల మెడ వాచింది. సూసుకున్నారా?"

నర్సీపట్నంలో మానసిక వైద్యుడి క్లినిక్. బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న భవాని మెడను ఎవరో ఆడమనిషి తడిమి చూస్తోంది. యాభై ఏళ్లుంటాయి. జాకెట్టు తిరగేసి తొడుక్కుంది.

భర్త సింహాద్రికి ఒళ్లు మండింది. "సెయ్యి తియ్యి. ఎవరు నువ్వు?"

"నానూ ఇక్కడి పేషెంటునే బాబూ. పిల్ల మందుల సీటీలో ఉన్న లిథియం మాత్రలే పదేళ్ల బట్టి మింగుతున్నాను. నాకూ ఇలాగే మెడ వాచి, ఒళ్లు బరువెక్కి, బతకాలనిపించలేదు. రక్తం పరీక్ష సేసి థైరాయిడ్ పడిపోయిందన్నారు. దానికో మాత్ర కలిపాక మనిషినయ్యాను. పిల్లకీ ఆ పరీక్ష సేయించు. లిథియం మాత్రం ఆపీకు."

సింహాద్రి నవ్వాడు. "డాక్టరమ్మ గారు సెలవిచ్చారు మావయ్యా."

మావగారు, భవాని తండ్రి జగదీశ్వరరావు నవ్వలేదు. కుటుంబంలో ఇంకెవరికైనా ఈ జబ్బుందా అని ఇందాక నర్సు అడిగితే, లేదని రాయించినవాడు ఆయనే. ఇప్పుడు గభాల్న లేచాడు.

"పద బాబూ. పిచ్చోళ్ల మధ్య కూకుంటే ఉన్న మతీ పోతాది."

"డాక్టరు గారిని సూడకుండానా?"

"ఆ మాత్రలకే పిల్ల ఇలా మొద్దయిపోయింది. మానిపించీ. అదే తేరుకుంటాది. బేగి పద."

ఆమె భవాని కొంగు పట్టుకుంది. సింహాద్రి ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, ఒక్క తోపు తోశాడు. బెంచీ అంచు తగిలి ఆమె నుదురు చిట్లింది. చుట్టూ ఉన్నవాళ్లు సెల్‌ఫోన్లలోంచి తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నారు. పిచ్చిదాన్ని కొడితే అడిగేదెవరు?

భవాని ఒక్కతే అడిగింది. "నొప్పెట్టిందా అమ్మా?"

ఆ నెలలో ఆ పిల్ల తనంతట తాను నోరు విప్పింది అప్పుడే.

మాత్రలు ఆపేశారు. భవాని తేరుకోలేదు. ఇరవయ్యో రోజున రోలుగుంటలో, అత్తవారి జీడితోట నూతిలో తేలింది.

పాడె సిద్ధమైంది. ముత్తయిదువుగా పోయిన మనిషికి పుట్టింటి చీర కప్పాలి.

"తల్లి లేని పిల్ల. ఎవరు కప్పుతారు?" అంది ఇరుగింటి మహాలక్ష్మమ్మ.

కబురు ఎలా తెలిసిందో, అప్పుడే వాకిట్లోకి ఆ క్లినిక్ మనిషి వచ్చింది. చేతిలో పసుప్పచ్చ చీర.

సింహాద్రి కర్ర అందుకున్నాడు. "నీ పాడు నోరు తగిలే నా పెళ్లాం సచ్చింది."

జగదీశ్వరరావు వచ్చి ఆ కర్ర పట్టుకున్నాడు. తల ఎత్తలేదు.

"కప్పనీ బాబూ. పిచ్చిదాని కూతుర్ని ఎవరూ సేసుకోరని, తల్లి సచ్చిపోయిందని సెప్పాను గానీ, భవానిని కన్నది అదే."