ఎనిమిదో టేబులు

రైల్లో ఆరో నంబరు గదిలో దిగిన పెద్దావిడను చూడగానే హెడ్‌వెయిటర్‌కి గుండె గుభేలుమంది.

ఆవిడ కిటికీ వైపు చూడలేదు. ఇత్తడి దీపం వైపూ చూడలేదు. నేరుగా మంచం దగ్గరికెళ్లి దుప్పటి అంచు రెండు వేళ్ల మధ్య నలిపింది. తలగడ గలీబు తిరగేసి మూలన కుట్టిన గది నంబరు చూసింది. "ఊఁ" అంది.

"అయిపోయాను" అనుకున్నాడు హెడ్‌వెయిటర్. మామూలు ప్రయాణికుల వేషంలో కంపెనీ తనిఖీకి మనుషుల్ని పంపిస్తుందని వంటాయన రోజూ భయపెడుతూనే ఉన్నాడు.

అది అలాంటిలాంటి రైలు కాదు. పడక గదులు, స్నానాల గదులు, పియానో ఉన్న భోజనశాల, అన్నీ చక్రాల మీదే. నాలుగు రోజుల్లో కొండలు, ఎర్రమట్టి మైదానం, అడవి దాటించి సముద్రం దాకా తీసుకెళ్తుంది. అంత రైల్లో అతన్ని భయపెట్టే వస్తువు ఒక్కటే. ఫిర్యాదుల పుస్తకం. చేరిన రెండు నెలల్లో అందులో రెండు ఫిర్యాదులు పడ్డాయి. ఒకటి, జడ్జిగారి ఒళ్లో సూపు. రెండు, ఒకావిడ పరుపంతా ఎర్రదుమ్ము. మూడోది పడితే రైలు దింపేసి స్టేషన్ క్యాంటీనుకి తోలేస్తానని మేనేజరు చెప్పేశాడు.

"ఈసారి కూడా రాయించుకొచ్చావంటే ఇంట్లో నీ కంచం నువ్వే పెట్టుకో" అని పెళ్లాం కూడా చెప్పేసింది.

దానికి తోడు ఎనిమిదో టేబులుకి ఒక వజ్రాల వ్యాపారి తగిలాడు. తల నుంచి కాలి దాకా తెల్లసూటు. కుర్చీలో కూర్చోకముందే ఫిర్యాదుల పుస్తకం ఎక్కడుంటుందని అడిగిన మహానుభావుడు.

మొదటిరోజు మధ్యాహ్నం. టమాటా సూపు గిన్నెతో హెడ్‌వెయిటర్ తెల్లసూటు మీదికి వంగాడు. ఏడో టేబులు నుంచి పెద్దావిడ మెల్లగా పిలిచింది.

"బాబూ, ఆయనకి ఇప్పుడే పొయ్యకండి. కాసేపు ఆగండి."

"ఎందుకండీ?"

"మొదటిరోజు మధ్యాహ్నం ఎనిమిదో టేబులు మీద సూపు ఒలుకుతుంది."

తనిఖీ మనిషి మాటకి ఎదురు చెప్పేంత ధైర్యం అతనికెక్కడిది? ఆగాడు. మరు నిమిషంలో రైలు కొండ మలుపు తిరిగింది. మిగతా టేబుళ్లు కాస్త కదిలాయంతే. ఎనిమిదో టేబులు మీది పూలకుండీ మాత్రం జారుకుంటూ వెళ్లి తెల్లసూటు ఒళ్లో పడబోయింది. హెడ్‌వెయిటర్ ఒంటిచేత్తో అందుకున్నాడు.

భోజనాలయ్యాక మూలల్లో టేబులు నంబర్లు కుట్టిన మాసిన గుడ్డలన్నీ మూటగట్టి, 'మొదటిరోజు, మధ్యాహ్నం' అని చీటీ కడుతుంటే ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"చీటీ ఇంకాస్త గట్టిగా కట్టండి బాబూ, ఊడిపోతుంది."

మూటలు కూడా వదలదా ఈవిడ! అతను రెండు ముళ్లు ఎక్కువే వేశాడు.

సాయంత్రం మళ్లీ పిలిచింది. "పొద్దున్నే లేచి ఎడమపక్క గదుల కిటికీలన్నీ మూయించండి. కుడిపక్క ఫర్వాలేదు."

మూయించాడు. పొద్దున ఎనిమిదింటికి ఎర్రమైదానం మీంచి గాలి లేచింది. ఎడమపక్క అద్దాలు ఇటుకరంగుకి తిరిగాయి. లోపల దుప్పట్లు మాత్రం మల్లెపువ్వుల్లా ఉన్నాయి. అతనికి ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది.

"ఈ దారిన ఎన్నిసార్లు వచ్చారండీ మీరు?" అని ఉండబట్టలేక అడిగేశాడు.

"దారి సంగతి నాకేం తెలుసు బాబూ" అని నవ్వేసింది. తనిఖీవాళ్లు అంతే, ఒక పట్టాన బయటపడరు.

మూడోరోజు అడవి దాటుతుండగా ఇంకో మాట చెప్పింది. "ఇవాళ సాయంత్రం టీకి రుమాళ్లు రెట్టింపు పెట్టండి. కాటుక పెట్టుకున్నవాళ్లకి ఇంకో రెండు."

"ఎందుకండీ?"

"ఏడుస్తారు."

"ఏమని ఏడుస్తారు?"

"అదే తెలియదు బాబూ. ఇన్నేళ్లుగా నేనూ అదే అనుకుంటున్నాను."

ఇదేం తిరకాసనుకుంటూనే రుమాళ్లు పెట్టాడు. టీ కప్పులు సర్దుతుండగా అడవి ఉన్నట్టుండి అయిపోయింది. ఎదురుగా సముద్రం. నీళ్ల మీద పొద్దు వాలుతోంది. భోజనశాలలో అందరూ కిటికీల వైపు తిరిగారు. కొత్తగా పెళ్లయిన అమ్మాయి ముందుగా రుమాలు అందుకుంది. తర్వాత ఒక ముసలి జంట. చివరికి తెల్లసూటు కూడా అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

పెద్దావిడ టీ వదిలేసి లేచి నిలబడింది. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూసింది.

"ఓహో, ఇందుకా!" అంది.

అబ్బ, ఏం నటన అనుకున్నాడు హెడ్‌వెయిటర్. అనుకున్నాడే గానీ, అతని కళ్లూ చెమర్చాయి.

నాలుగోరోజు పొద్దున సామాన్లు దించేవేళ తెల్లసూటు పుస్తకం తెమ్మన్నాడు. హెడ్‌వెయిటర్ తెచ్చి చేతికిచ్చాడు. ఆయన చాలాసేపు కలం ఊపి, చివరికి 'రాయడానికేమీ దొరకలేదు' అని రాసి, విసుగ్గా దిగిపోయాడు.

ఇక మిగిలింది ఆవిడే. గదిలో మంచం మీద దుప్పటీ, గలీబూ అంచుకి అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి. ఆవిడ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. మూసి అతని చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని జనంలో కలిసిపోయింది.

తన ఉద్యోగం ఉందో ఊడిందో ఇందులోనే ఉందనుకుంటూ, హెడ్‌వెయిటర్ ఒక కన్ను మూసుకుని పేజీ తిప్పాడు.

'ఈ రైలు ఎక్కడం నాకు ఇదే మొదటిసారి, ఎనిమిదో టేబులు గుడ్డ సూపు మరక లేకుండా నా చేతికి రాబోవడం కూడా ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి — ఇట్లు, మీ రైలు లాండ్రీలో గుడ్డలు ఉతికే మనిషి.'