ఫలూదా కొట్టు పైన కచేరీ

"కిందటేడు మార్చి తొమ్మిది. ఆ రోజు మా ఆవిడ ఆలిస్ గులాబీ షర్బత్ ఎక్కువ పోయించుకుని ఫలూదా తింది. తింటూనే ఈ పాట వాయించమంది" అన్నాడు ఎడ్విన్ రాజు, లూట్ తీగలు తుడుస్తూ. "తను విన్న చివరి పాట ఇదే. రేపు దీన్ని మాత్రం వదలొద్దు."

జూలియట్, ఎర్నెస్ట్ ముఖాలు చూసుకున్నారు. వాళ్లిద్దరూ రికార్డర్లనే చెక్క పిల్లనగ్రోవులు వాయిస్తారు. రిటైరైన లెక్చరర్ ఎడ్విన్ రాజుది బొప్పాయిని నిలువునా కోసినట్టుండే లూట్. ముగ్గురికీ రినైసాన్స్ కాలపు పాటలంటే పిచ్చి. రేపు ఆలిస్ పుట్టినరోజు. బర్మాలో, బోటాటౌంగ్ పేటలోని ఆయన ఇంట్లోనే కచేరీ.

"పాట బంగారమే అంకుల్. వినబడద్దా ఏటి?" అంది జూలియట్. "ఏడింటికి కరెంటు పోతాది. కింద ఫలూదా కొట్టు కూర్మనాథం జెనరేటర్ ఏస్తాడు. మీ లూట్ మీకే వినబడదు."

"గాలియార్డులు పెట్టుకుందాం మాస్టారూ" అన్నాడు ఎర్నెస్ట్. "అన్నీ గెంతుల పాటలే. మా గొట్టాల కీచుకి జెనరేటరే పారిపోవాల."

ఎడ్విన్ రాజు నవ్వాడు. చివరికి రాజీ కుదిరింది. ముందు గాలియార్డులు, ఆఖరున ఆలిస్ పాట.

ఆయన కిందికి దిగి ఫలూదా కొట్టుకు వెళ్లాడు.

"కూర్మన్నా, రేపు ఒక్క పాటసేపు జెనరేటర్ ఆపగలవా?"

"బలేవోరే సయా!" బర్మా అలవాటుగా మాస్టార్లను అలాగే పిలుస్తాడతను. "మీ పాట ఆగితే ఎల్లుండి వాయించుకుంతారు. నాది మూత పడని ఫ్రీజరు. ఐస్‌క్రీమ్ కరిగితే మల్లీ గడ్డకట్టించినా ఇసకలాగుంతాది. ఎవుడు తింతాడు? ఇంతకీ ఏ పాట? ఆ దోమపాటేనా?"

"అదే. ఆఖర్న."

"అప్పుడికి నా జెనరేటర్ మాంచి జోరుమీదుంతాది!"

ఎడ్విన్ రాజు మెట్లెక్కాడు. అడగడం తన వంతు, కాదనడం అతని హక్కు.

మర్నాడు సాయంత్రం అనుకున్నట్టే కరెంటు పోయింది, కింద జెనరేటర్ దడదడలాడింది. కొవ్వొత్తుల వెలుగులో గాలియార్డులు దానికి దీటుగా గెంతాయి. చర్చివాళ్లూ ఇరుగుపొరుగువాళ్లూ పాదాలతో తాళం వేశారు.

తర్వాత ఎడ్విన్ రాజు లూట్ ఒళ్లోకి తీసుకున్నాడు. వేళ్లు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. ముందు వరుసవాళ్లు కూడా మెడలు చాచారు.

జెనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

గోడమీద బల్లి కిచకిచ వినబడేంత నిశ్శబ్దం. ఆయన పాటను మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఒక్కొక్క తీగ విడివిడిగా, చల్లగా మోగింది. జనం మళ్లీ అడిగారు. ఆ పైన ఎన్నాళ్లుగానో పక్కన పెట్టిన సన్నపాటలన్నీ ఒకటొకటిగా బయటికొచ్చాయి. జెనరేటర్ మాత్రం మళ్లీ మోగలేదు.

"డీజిల్ అయిపోయినట్టుంది" అన్నాడు ఎర్నెస్ట్, అందరూ వెళ్లాక. "మన అదృష్టం!"

"దేవుడి దయ" అన్నాడు ఎడ్విన్ రాజు.

జూలియట్ బాల్కనీలోంచి ఫోన్ లైటు వేసి చూసింది. "అయ్యో అంకుల్, తూములోకి గులాబీరంగు నీళ్లు పోతన్నాయి. ఐస్‌క్రీమంతా కరిగిపోనాది."

"పాపం! పొద్దున్నే నేనే డీజిల్ కొని తెచ్చిస్తాను."

కింద కూర్మనాథం నిండు డీజిల్ డబ్బాను లోపల పెట్టి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.